పిండికట్టు తీయను

డప్పు ఇంకా కిరాణా కొట్టు మలుపు తిరగలేదు. తిరిగితే మోత ఇట్లా గోడల అవతల ఎక్కడో ఉన్నట్టు రాదు, నేరుగా నా మంచం కోళ్లలోకే వస్తుంది. పద్దెనిమిదేళ్లు ఆ డప్పు వెంట మొహర్రం పీరీ ఎత్తుకుని నడిచినవాణ్ణి. ఇప్పుడు ఏ ఇంటి ముందు ఆగిందో, ఎవరింటి ఆడవాళ్లు బిందెలు తెచ్చి పీరీల వాళ్ల కాళ్ల మీద నీళ్లు పోస్తున్నారో, ఏ ముసలమ్మ ఊదు పొగకు దగ్గుతూ మొక్కుతున్నదో కళ్లు మూసుకుని చెప్పగలను. మా వాకిటికి రావడానికి ఇంకో గంట పడుతుంది. వస్తారు, నన్ను లెమ్మంటారు. నేను లేవను. మొహర్రం పదో రోజు ఆగయ్య ఇంటి వాకిట్లో మంచం మీద కూర్చున్నాడంటే ఊరు నమ్మదు. నమ్మకపోతే పోయింది. కుడికాలు చాపుకున్నాను. మోకాలి కింది నుంచి వేళ్ల కొసల దాకా పిండికట్టు, వేసిన రోజు తెల్లగా ఉండేది, వాకిలి దుమ్ముకు మట్టిరంగుకు వచ్చింది. అడుగున లారీ టైరు ముక్క. ఇది ఇంకా పది రోజులు నా కాలికే ఉండాలి. ఉంటే లోపలి పుండు మూసుకుంటుంది, కాలు దక్కుతుంది. వాళ్ల మాట విని ఈరోజు కోసి తీసేస్తే వచ్చే నెలకు కాలే ఉండదు. ఇందులో ఆలోచించడానికి ఏముంది? అయినా పొద్దున్నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. సిగ్గులేని ఒళ్లు, డప్పు వినగానే భుజం దానంతట అదే లేస్తుంది.

వాళ్లకు కావలసింది నా భుజం కాదు, నా కాళ్లు. ఊరంతా తిరిగి పీరీల కొట్టం చేరేసరికి ముందున్న గుండంలో తుమ్మ మొద్దులు కాలి కణకణలాడుతుంటాయి. పీరీ ఎత్తుకున్నవాడు ఆ నిప్పుల మీదుగా దాటాలి. దాటడమంటే ఉరకడం, నాలుగు అంగల్లో అవతల పడటం, అంతే. మొదట్లో నేనూ అట్లాగే ఉరికేవాణ్ణి, తర్వాత నాలుగు రోజులు కాళ్లకు కొబ్బరినూనె పూసుకుని మూలిగేవాణ్ణి. మూడేళ్ల కింద ఏమైందో, నిప్పులు చల్లగా ఉన్నట్టనిపించింది. ఉరకలేదు, నడిచాను. జనం ఊరు ఎగిరిపోయేట్టు అరిచారు. మరుసటి ఏడు నడుమ ఆగాను. నిప్పుల మధ్యలో నిలబడి తీరిగ్గా పీరీ భుజం మార్చుకున్నాను. మరిపెడ నుంచి వచ్చిన చుట్టాలు నా కాళ్లు కళ్లకద్దుకున్నారు, పిల్లలు కలగని కోడళ్లను తెచ్చి నా ముందు నిలబెట్టారు. నిరుడు ఇంకా మించిపోయాను, నిలబడి దండాలు కూడా పెట్టించుకున్నాను. పదిమంది పొగుడుతుంటే మనిషికి ఏం కనబడుతుంది? కేసముద్రం మార్కెట్లో నేను దడ్వాయిని, పొద్దున లేస్తే కాంటా దగ్గర నిలబడి బస్తాలు తూచేవాణ్ణి. తక్కువ చూపావని రైతు తిడతాడు, ఎక్కువ చూపావని సేటు తిడతాడు. అట్లాంటివాణ్ణి ఏడాదికి ఒక్క రోజు దేవుడి పక్కన నిలబెడితే వద్దంటానా? అనలేదు. ఆ తప్పు నాదే, ఊరిది కాదు.

కాలికి తెలియడమంటే ఏమిటో నేను ఎరగకపోలేదు. అరవై తొమ్మిదిలో బాగా ఎరిగాను. తెలంగాణ కావాలని మార్కెట్టు బందు పెట్టి, హమాలీలూ దడ్వాయిలూ కాలేజీ పిల్లలూ కలిసి రైలు పట్టాల మీద కూర్చున్నాం. పోలీసులు లారీల్లోంచి దిగారు. కంకర మీద చెప్పుల్లేకుండా ఉరికాను, ఉరికితే మాత్రం ఎంత దూరం, దొరికిపోయాను. ఏ ఠాణాకో తీసుకుపోయి బెంచీ మీద బోర్లా పడుకోబెట్టి అరికాళ్ల మీద కొట్టారు. పట్టాలు ఎక్కించింది ఎవరో పేర్లు చెప్పమన్నారు. మడమ మీద దెబ్బ పడితే నడినెత్తిన తెలిసేది. పేర్లు చెప్పలేదు కానీ అరిచాను, ఠాణా పెంకులు లేచేట్టు అవ్వా అవ్వా అని అరిచాను. పేర్లు దాచినందుకు గర్వపడాల్సింది పోయి, ఎన్నో ఏళ్లు ఆ అరుపుకే సిగ్గుపడ్డాను. ఇప్పుడు అనిపిస్తుంది, ఎంత బతికున్న కాళ్లు అవి! ఈకతో గీస్తే గింజుకునే కాళ్లు. లాఠీలు చంపలేని కాళ్లను నా నెత్తురులో చేరిన చక్కెర చప్పుడు లేకుండా చంపింది. వాకిట్లో నేను మూత్రం పోసినచోట చీమలు పడుతుంటే నవ్వుకున్నాను కానీ, అది నా కాళ్ల సంగతి అని ఎవరు చెప్పాలి నాకు?

అదిగో, మలుపు తిరిగింది. ఇప్పుడు వడ్రంగి వాళ్ల ఇంటి ముందు ఆగారు. నా భార్య సోమక్క నా మంచం ముందు చాట పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. పండుగ పూట బియ్యం ఏరడమేమిటి? నాకు అడ్డం కూర్చోవడానికి అదొక సాకు, నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు. పుండును మొదట చూసింది ఈమే. పోయిన ఫాల్గుణంలో అప్పుడే అలికిన ఇంట్లోకి నేను నడిచి వస్తే, నా వెనక నేల మీద ఒక అడుగు విడిచి ఒక అడుగు ఎర్రటి మచ్చ. "ఏమయ్యా, కాలు తెగితె సూస్కోవా?" అన్నది. కూర్చుని కాలు తిప్పి చూసుకుంటే బొటనవేలి మొదట్లో, నిప్పులకు మాడి ఆనికాయ కట్టిన తోలు పగిలి, రూపాయి బిళ్లంత గుంత. దాంట్లో విరిగిన తుమ్మ ముల్లు. ఎన్ని రోజుల నుంచి ఉందో, దాని మీదే రోజూ మార్కెట్టుకు మూడు మైళ్లు పోయాను, మూడు మైళ్లు వచ్చాను. సోమక్క ముల్లు లాగుతూ నా ముఖం వైపు చూసింది. నేను మామూలుగా చుట్ట ముట్టించుకుంటున్నాను. ఆమెకు అప్పుడు వేసిన భయం నాకు వేయలేదు. ఎంత మూర్ఖుణ్ణి, పీరు దయ ఇంకా నా మీద ఉందనుకున్నాను.

పసుపు పెట్టాం, వేపాకు పెట్టాం, ఊదారంగు మందు పూశాం, సూదులు పొడిపించుకున్నాను. పుండు మానలేదు, లోతైంది. పట్నం పోయి ఒక పెద్ద దవాఖానలో చూపించుకుంటే అక్కడి సర్జను, కోస్తా నుంచి వచ్చినాయన, ఎప్పుడు కాలింది అని అడిగాడు. ఎర్కలేదు సార్ అన్నాను. ముల్లు ఎప్పుడు దిగింది? ఎర్కలేదు సార్. ఆయన నర్సు వైపు తిరిగి నా మాటను నా యాసలోనే మళ్లీ అన్నాడు, సినిమాల్లో మా మాట మాట్లాడే పనివాణ్ణి చూసి నవ్వినట్టు ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుకోండి. రోగం మొత్తం ఆ మాటలోనే ఉండింది, చెవులు పెట్టి విని ఉంటే దొరికేది. మోకాలి కింద తీసేద్దాం, మొహర్రం కాగానే వచ్చి చేరు అని ఒప్పుకోలు కాగితం చేతిలో పెట్టాడు. మడిచి జేబులో పెట్టుకుని రైలెక్కాను. కాంటా ముందు పొద్దంతా నిలబడే పని నాది. ఒంటికాలి దడ్వాయిని ఎవరూ చూడలేదు, ఇకపైనా చూడరు. రైలు కిటికీలోంచి కోసిన చేలు పోతుంటే, మనుషులు రెండు కాళ్ల మీద నడుస్తుంటే, ప్రతి వాడి మీదా కోపం వచ్చింది.

ఎదుటి బల్ల మీద ఉప్పలయ్య కూర్చుని ఉన్నాడు. అప్పటికి పేరు తెలియదు, వేళ్లు మాత్రం చూశాను. రెండు చేతులకూ వేళ్లు సగం వరకే. నా కాళ్లు గబుక్కున బల్ల కిందికి లాక్కున్నాను. కనిపెట్టి నవ్వాడు. "నా రోగం మందులకు పోయి పన్నెండేండ్లాయె అన్నా. వేళ్లే వాపస్ రాలే. నువ్వు గాబర పడకు" అన్నాడు. ఆ తర్వాత నా కాలి గుడ్డ తడిసి ఉండటం చూసి, అడగకుండానే తన అరికాలు ఎత్తి చూపించాడు. మూసుకుపోయిన మచ్చ, సరిగ్గా నా గుంత ఉన్నచోటే. "గీ బొంద నాకూ ఉండె. పిండికట్టుతోని మానింది. నీది మానదని ఎవడన్నడు?" అన్నాడు. జనగామలో దిగమన్నాడు. ఊరి బయట కుష్ఠు దవాఖానలో అతను కట్లు కట్టే పని చేస్తాడట. దిగాను కానీ గేటు దగ్గర ఆగిపోయాను. పీరీ ఎత్తే ఆగయ్య కుష్ఠు దవాఖాన గేటు దాటడమా? ఎవరైనా చూస్తే? జేబులో చెయ్యి పెడితే కాగితం తగిలింది. దాటాను. ఎవరైనా చూడనీ.

అక్కడి డాక్టరమ్మ ప్రేమలత నా ఎర్కలేదుకు నవ్వలేదు. కళ్లు మూసుకో, సూది తగిలితే చెప్పు అన్నది. మూసుకుని కూర్చున్నాను. ఎంతకూ గుచ్చదు. "ఇంక గుచ్చమ్మా" అన్నాను. అప్పటికే ఏడుచోట్ల గుచ్చిందట. కళ్లు తెరిచి చూస్తే నెత్తురు చుక్కలు. ఆ రోజు నిజంగా భయమేసింది, నా సొంత కాలు పక్కన ఎవరిదో కాలు పడి ఉన్నట్టు. "నీకు కుష్ఠు లేదు ఆగయ్యా, షుగరుంది. రోగాలు వేరు, పుండు ఒక్కటే. నొప్పి లేదు కాబట్టి నువ్వు పుండు మీదనే నడుస్తున్నవు. మందు మాన్పుతుంటె నీ నడక నమిలేస్తున్నది. బరువు తీస్తె అదే మానుతది" అన్నది. ఇంత చదువుకున్న మనిషి చెప్పేది బరువు సంగతా! బరువు సంగతి నాకు చెప్పాలా? ఇరవై ఏళ్లు తూచింది అదే. బస్తాల దొంతర కింద చిన్న రాయి ఉంటే మీది బరువంతా రాయి మీదకే వచ్చి అడుగు బస్తా చినుగుతుంది. చెక్కలు పరిచి పేరిస్తే నెల రోజులైనా చెక్కుచెదరదు. నా ఒళ్లంతా ఆ రూపాయి బిళ్లంత చోట నిలబడుతున్నదన్న మాట. అట్లా ఎవరూ చెప్పలేదు నాకు.

కట్టు కట్టింది ఉప్పలయ్యే. షుగరు గోళీలు, జొన్నరొట్టె, బెల్లం బందు, అవన్నీ డాక్టరమ్మ రాసిచ్చింది, కాలు మాత్రం అతనికి అప్పగించింది. మెత్తటి బనీను గుడ్డ తొడిగి, వేళ్ల మధ్య పలచగా దూది పెట్టి, తడిపిన పిండి పట్టీలు చుడుతూ ఆ మొండి వేళ్లతో, అరచేతులతో రుద్దుతూ పోయాడు. పిక్క వంపు, చీలమండ గుంట, అరికాలి పల్లం, ఏదీ విడవలేదు. నన్ను తల్లి కూడా అంత ఓపికగా రుద్దలేదు. "ఎక్కడా సందు ఉండొద్దన్నా. సందుంటె కాలు కదులుతది, కదిలితె ఒరుస్తది. అంతటా అంటుకుంటె బరువు పిక్క దాక పంచుకుంటది" అన్నాడు. పిండి గట్టిపడేటప్పుడు వేడెక్కింది. మోకాలి కింద వెచ్చగా తెలిసింది, పిక్క మీద తెలిసింది, చీలమండ దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయింది. నా ప్రాణం అక్కడి దాకే ఉందన్న మాట. ఇంకా కిందికి పోనివ్వను, ఆ పూటే అనుకున్నాను. తడవొద్దు, కిటికీ కోయొద్దు, లోపలికి ఏదీ దూర్చొద్దు, ఈ మూడూ చెప్పి పంపాడు.

కిటికీ కోయొద్దని ఎందుకు అన్నాడో ఇంటికి వచ్చాక తెలిసింది. పుండును మూసి పెడితే కుళ్లుతుందని ఊరంతా ఒక్కటే మాట. ఆరో రోజు వాసన మొదలైంది. సోమక్క కత్తిపీట తెచ్చింది, పుండు ఉన్నచోట చిన్న బొక్క కోసి పసుపు పెడతానని ఏడ్చింది. చెయ్యి పట్టుకున్నాను. లోపల పురుగులు పడ్డాయేమో ఎవరికి తెలుసని నాకూ భయం లేకపోలేదు. అయినా పట్టుకునే ఉన్నాను. వారానికి జనగామ పోతే ఉప్పలయ్య పెద్ద కత్తెరతో కట్టు విప్పాడు. గుంత లోతు తగ్గింది. రెండో కట్టు విప్పేసరికి పల్లిగింజంత అయింది. సోమక్క ఆ కాలును ఒళ్లో పెట్టుకుని చూసి చూసి, ఉప్పలయ్య మొండి చేతులు రెండూ పట్టుకున్నది. ఇప్పుడిది మూడో కట్టు. ఈలోపు ఊళ్లో నేను కుష్ఠువాణ్ణి అయిపోయాను. మంగలి రావడం లేదు. హోటల్లో నా గ్లాసు వేరే పెట్టారు, అది విని సోమక్క నన్ను వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి, దారిన పోయేవాళ్లు చూస్తుండగా నా పళ్లెంలో చెయ్యి పెట్టి అన్నం తిన్నది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ రాలేదు, చెప్పలేదు కానీ.

వచ్చారు. వాకిలి నిండిపోయింది. ముందు సర్పంచి వెంకట్రాం పటేలు, వెనక పీరీల కొట్టం చూసుకునే ముజావరు సాబు, వాళ్ల పక్కన పీరీ భుజాన నా మేనల్లుడు కొమురెల్లి. ఇరవై రెండేళ్లవాడు, ముఖం నిండా చెమట, నన్ను చూసి నవ్వుతున్నాడు. నా స్థానం ఇప్పుడు వాడిది అయినా నేను లేస్తే నాదే. సోమక్క చాట పట్టుకుని లేచి నిలబడింది కానీ అడ్డం తొలగలేదు. ఎవరో కొమురెల్లి కాళ్ల మీద నీళ్లు పోసి, అదే బిందె ఎత్తి నా కాళ్ల మీద పోయబోతే, "సుక్క పడ్డదో, బిందె నీ నెత్తిన పగులుతది" అన్నది. డప్పు ఆగింది.

"ఆగయ్యా, లేవు. గా కట్టు కోసెయ్యి" అన్నాడు పటేలు. "అగ్గిల అడుగు పెట్టినవంటె ఏ పుండైనా ఆడికాడికే మానుతది. నువ్వు తొక్కకపోతె నీకు పెద్దరోగమే అని ఊరంతా ఖాయం చేసుకుంటది. రేపు మార్కెట్ల నీ చేత కాంటా ఎవడు పట్టిస్తడు?"

"కాలుంటె ఇంకో ఊరి కాంటా పట్టుకుంట పటేలా. కట్టు తీయ."

అంతే అనాలనుకున్నాను. అని ఊరుకుందామనుకున్నాను. పోతే పోయారు, అనుకోవలసింది అనుకుంటారు, నా పేరు నాకు మిగులుతుంది. నిప్పుల మీద నిలబడ్డ ఆగయ్య ఉండేవాడని ముసలివాళ్లు చెప్పుకుంటారు. కానీ కొమురెల్లి ముందుకు వచ్చాడు.

"మామా, నువ్వు పరేషాన్ గాకు. నీ పేరు నేను నిలవెడ్త. నీ లెక్కనే నడుమ నిలవడ్త సూడు. కాలినా కదల."

నా లెక్కనే! వీడి కాళ్లు బతికి ఉన్నాయి. బతికున్న కాళ్లను నా పేరు కోసం కాల్చుకుంటాడట. నా దగ్గర ఊరు దాచుకున్న గొప్ప ఒక్కటే ఉండింది, మార్కెట్లో తిట్లు తిన్న ప్రతి రోజూ మనసులో తీసి చూసుకున్న గొప్ప. దాన్ని తీసి అందరి ముందూ పారేయాలి. ఠాణాలో పేర్లు దాచినప్పుడు కూడా ఇంత కష్టం కాలేదు. మంచం పట్టె పట్టుకుని నోరు తెరిచాను.

"నిలవడకురా. నేను నిలవడ్డది పీరు మహిమ గాదు. నా కాలు సచ్చింది. కాలింది, నాకు ఎర్కలే. మూడేండ్లు కాలింది. మీరంత మొక్కితె నాకు మంచిగనిపించింది, గందుకే నిలవడ్డ. గీ పుండు గా అగ్గిదే."

ఒక్కసారిగా గోల. పీరును అంటున్నాడన్నారు, మతి పోయిందన్నారు, నిరుడు నా కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్న ముసలమ్మ నన్ను నోటికి వచ్చినట్టు తిట్టింది. తిట్టనీ, ఆమెకు హక్కుంది. "పీరు మీద మాట తీస్తవా?" అని పటేలు మంచం దాకా వచ్చాడు. "పీరును ఏమనలే పటేలా, నా కాలును అంటున్న" అన్నాను. ముజావరు సాబు మెల్లగా పటేలు చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పాడు. "పీరు ఎన్నడన్న ఎవని కాలు అడిగిండా? నడువుండ్రి, పొద్దెక్కుతున్నది" అన్నాడు. కొమురెల్లి అక్కడే నిలబడిపోయాడు. వాడి నవ్వు ఎగిరిపోయింది. పీరీ కర్రను రెండు చేతులా బిగించి పట్టుకుని నా కట్టు వైపే చూస్తున్నాడు.

"మరి నేనెట్ల దాటాలె మామా?" అన్నాడు, నాకు మాత్రమే వినబడేట్టు.

"ఉరుకు. నాలుగు అంగలల్ల ఉరుకు. కాలితె మొత్తుకో. ఎవడు నవ్వినా మొత్తుకో" అన్నాను.

తల ఊపాడో లేదో, జనం లాక్కుపోయారు. డప్పు మళ్లీ ఎత్తుకుంది. మా వాకిలి ఖాళీ అయింది, తడి మాత్రం మిగిలింది, నా మంచానికి మూరెడు దూరంలో ఆగిన తడి. పీరీల కొట్టం మా ఇంటికి నాలుగిళ్ల అవతలే. కనబడదు, అన్నీ వినబడతాయి. సోమక్క వచ్చి మంచం అంచున కూర్చుంది, నా పక్కనే. ఇప్పుడు గుండం చుట్టూ తిరుగుతున్నారు. రేపటి నుంచి ఈ ఊళ్లో నేనెవరిని? కుష్ఠు దవాఖానకు పోయివచ్చినవాణ్ణి, పీరును తక్కువ చేసినవాణ్ణి. అననీ. పది రోజులు గడిస్తే రెండు కాళ్ల మీద నిలబడి వింటాను ఆ మాటలు. మూడో చుట్టు. ఊదు పొగ ఇక్కడి దాకా వస్తున్నది. వాడు ఉరుకుతాడా? ఇరవై రెండేళ్ల వయసులో, అంత జనం ముందు, నేనైతే వినేవాణ్ణా? వినేవాణ్ణి కాదు. డప్పు దరువు మారింది, అంటే అంచు మీద నిలబడ్డాడు. నా వేళ్లు సోమక్క మణికట్టు మీద బిగుసుకున్నాయి, గాజులు గుచ్చుకుంటున్నాయి, ఆమె చెయ్యి తీసుకోలేదు. నిలబడకురా. ఉరుకు. ఉరుకు.

"అవ్వో! అవ్వా!"

కొమురెల్లి గొంతే. ఇళ్ల కప్పుల మీదుగా వచ్చింది ఆ కేక. డప్పు తడబడింది. జనం నవ్వుతున్నారు, ఎవరో థూ అంటున్నారు, నా మేనల్లుడు అవతలి ఒడ్డున కాళ్లు పట్టుకుని ఇంకా మొత్తుకుంటూనే ఉన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే సోమక్క భుజం పట్టి ఊపేశాను.

"ఇన్నవానే? వానికి కాలింది! వానికి కాలిందే!"